సీజను ముగిసిందా? పంపు ట్యాంకులో పెట్రోలు ఉంచకండి

మక్క చేనులో కత్తెర పురుగు కనబడింది. మందు తెచ్చి పెట్టుకున్నారు. ఇద్దరు కూలీలను మాట్లాడుకున్నారు. గాలి లేదు, వాన లేదు. మందు కొట్టడానికి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదు. తీరా ఇంట్లో మూలన ఉన్న పెట్రోలు పంపును తెచ్చి తాడు లాగితే ఇంజను పలకదు. పదిసార్లు లాగినా, ఇరవై సార్లు లాగినా అంతే. భుజం నొప్పి పుట్టడం తప్ప ఫలితం లేదు.

చేసేది లేక పంపును బండి మీద కట్టుకుని కామారెడ్డికి మెకానిక్కు దగ్గరకు పరుగు తీస్తారు. అక్కడ మీలాంటి వాళ్లు మరో పదిమంది ఉంటారు. వానాకాలం మొదట్లో అందరి పంపులూ ఒక్కసారే మొరాయిస్తాయి మరి. మీ వంతు వచ్చేసరికి రెండు రోజులు గడుస్తాయి. ఈ రెండు రోజుల్లో చిన్న పురుగు పెద్దదై మక్క సుడిలోకి దిగిపోతుంది. పైన దాని విసర్జన అడ్డం పడుతుంది. ఆ తర్వాత కొట్టిన మందు సగం వృథా. కూలీల డబ్బు, మందు డబ్బు, రిపేరు డబ్బు అన్నీ కలిపి చూసుకుంటే ఎకరం రైతుకు అది చిన్న దెబ్బ కాదు.

'యాసంగిలో బాగానే నడిచిందే, ఇప్పుడేమైంది?' అని అడుగుతారు. పంపు చెడిపోలేదు. యాసంగిలో వాడగా మిగిలిన పెట్రోలును ట్యాంకులో అలాగే వదిలి పెట్టడమే అసలు కారణం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలు పాతకాలపు పెట్రోలు కాదు. దాన్ని నెలల తరబడి యంత్రంలో నిలవ ఉంచకూడదు. ఎందుకు ఉంచకూడదో, యంత్రాన్ని ఎలా దాచుకోవాలో తెలుసుకుంటే ఈ దెబ్బ తప్పించుకోవచ్చు. ఖర్చు దాదాపు లేదు. అరగంట పని, అంతే.

పెట్రోలులో ఇప్పుడేముంది?

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం కొత్తేమీ కాదు. 2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలుపెట్టారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022 జూన్ నాటికి దేశమంతటా సగటున ఇది 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలును విడుదల చేశారు. 2025 నాటికి 20 శాతం మిశ్రమమే మామూలు పెట్రోలు అయిపోయింది. అంటే మీరు లీటరు పెట్రోలు పోయించుకుంటే అందులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాలే.

ఇథనాల్ అంటే ఏమిటి? తీపి లేదా పిండి ఉన్న పదార్థాన్ని పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లబరిచి తీసే సారమే ఇథనాల్. సదాశివనగర్ మండలం రైతులకు దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. అడ్లూర్ ఎల్లారెడ్డిలోని గాయత్రి షుగర్స్ ఫ్యాక్టరీ మన మండలంలోనిదే. చెరకు ఆడగా చక్కెరతో పాటు మొలాసిస్ వస్తుంది. టన్ను చెరకుకు చివరగా మిగిలే మొలాసిస్ నుంచి సుమారు 10 లీటర్ల ఇథనాల్ తీయవచ్చు. చక్కెర తీయకుండా చెరకు రసాన్నే నేరుగా పులియబెడితే టన్నుకు సుమారు 70 లీటర్లు వస్తుంది. టన్ను మక్కలకైతే సుమారు 380 లీటర్లు. మక్కలకు ఇటీవల గిరాకీ పెరగడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి ఇథనాల్ మనకు శత్రువేమీ కాదు. మనం పండించిన చెరకు, మక్కలే చుట్టూ తిరిగి మన పంపు ట్యాంకులోకి వస్తున్నాయి. కాకపోతే దాని గుణం వేరు. ఆ గుణం తెలుసుకుని మసలుకోవాలి.

ఇథనాల్‌కు నీళ్లంటే ప్రీతి

పెట్రోలు, నీళ్లు ఒకదానిలో ఒకటి కలవవు. ఈ సంగతి అందరికీ తెలుసు. పాతకాలపు పెట్రోలులో చుక్క నీరు పడితే అది అడుగున బొట్టులా వేరుగా ఉండేది. ఇథనాల్ అలా కాదు. అది పెట్రోలులోనూ కలుస్తుంది, నీళ్లలోనూ కలుస్తుంది. నీళ్లు కనబడితే తనలోకి లాక్కుంటుంది. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టే ఇదీను.

కొద్దిపాటి నీళ్లయితే ఫర్వాలేదు. ఇథనాల్ పట్టి ఉంచుతుంది, పెట్రోలుతో పాటు ఇంజనులో పోయి ఖర్చయిపోతుంది. కానీ దీనికి హద్దు ఉంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు మామూలు చల్లదనంలో లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని పట్టి ఉంచగలదు. అంటే ఒక చిన్న చెంచాడు. 20 శాతం మిశ్రమం అంతకంటే కొంత ఎక్కువే ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్ పెట్రోలును వదిలిపెట్టి, నీళ్లతో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. పాలు విరిగినట్టు పెట్రోలు రెండుగా విడిపోతుంది. పైన పెట్రోలు, కింద ఇథనాల్ కలిసిన నీళ్లు.

విరిగిన పాలను మళ్లీ పాలు చేయలేము. ఇదీ అంతే. ట్యాంకును ఎంత ఊపినా, కొత్త పెట్రోలు కొంచెం పోసినా బాగుపడుతుందని నమ్మడానికి లేదు.

చలి పెరిగిన కొద్దీ నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. పగలు సరిగ్గా ఉన్న పెట్రోలే రాత్రి చలికి విడిపోవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర రాత్రి చలి ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

'ట్యాంకుకు మూత పెట్టే ఉంది కదా' అంటారా? మూతకు గాలి పోయే సన్నని దారి ఉంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీ అంతా గాలే. పగటి ఎండకు ఆ గాలి ఉబ్బి బయటకు పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి గాలి లోపలికి వస్తుంది. దానితో చెమ్మ కూడా వస్తుంది. ట్యాంకు రోజుకొకసారి ఊపిరి తీసుకుంటుందన్న మాట. ఇలా వచ్చే చెమ్మ ఒక్కరోజులో కొంప ముంచదు. దానికి వారాలు, నెలలు పడుతుంది. కానీ మనం పంపును మూలన పెట్టేది నెలల తరబడే కదా.

ఇంతకన్నా తొందరగా ముంచేవి మన చేతి పనులే. మందు కొట్టాక పంపును బావి కాడ కడుగుతాం. మూత సరిగ్గా బిగించి ఉండదు. మందు కలిపిన తడి గరాటుతోనే పెట్రోలు పోస్తాం. నీళ్లు తాగిన సీసాను కడిగి, ఆరకుండానే అందులో పెట్రోలు పట్టుకొస్తాం. గట్టు మీద పెట్టిన పంపు వానలో తడుస్తుంది. పంపు ట్యాంకు పట్టేదే లీటరు, లీటరున్నర. దానికి రెండు చెంచాల నీళ్లు చాలు.

టూ స్ట్రోకు యంత్రానికి ఎక్కువ ప్రమాదం

మన దగ్గర వీపున మోసే తైవాన్ పంపులు, గడ్డి కోసే మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోకు ఇంజన్లే. వీటికి వేరుగా ఇంజను ఆయిలు ఉండదు. పెట్రోలులో కలిపే టూ-టి ఆయిలే పిస్టనుకు తడి ఇవ్వాలి.

పెట్రోలు రెండుగా విడిపోయినప్పుడు ఆయిలు పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగున చేరిన నీళ్లు, ఇథనాల్‌లో ఆయిలు ఉండదు. ఇంజనులోకి పెట్రోలు లాగే పైపు చివర ట్యాంకు అడుగునే ఉంటుంది. అంటే ఇంజనుకు ముందుగా అందేది ఆయిలు లేని ఆ అడుగు నీరే. అదృష్టం బాగుంటే ఇంజను స్టార్టు కాదు. స్టార్టు అయితేనే అసలు నష్టం. ఆయిలు లేక పిస్టను గీతలు పడుతుంది, వేడెక్కి సిలిండరులో పట్టేస్తుంది. కార్బురేటర్ శుభ్రం చేయడం చిన్న ఖర్చు. పిస్టను, సిలిండరు మార్చాలంటే కొత్త పంపు ధరలో చాలా భాగం పోతుంది.

'అడుగునది పారబోసి పైన ఉన్న పెట్రోలు వాడుకోవచ్చా?' అని కొందరు అడుగుతారు. వాడవద్దు. ఇథనాల్ దిగిపోయాక పైన మిగిలిన పెట్రోలు పస తగ్గి ఉంటుంది. ఇంజను కొట్టుకుంటుంది, వేడెక్కుతుంది.

బంకులో నీళ్లు కలిపారా?

సీసాలో అడుగున నీళ్లలాంటి పొర కనబడగానే బంకు వాళ్లు మోసం చేశారని గొడవ పడడం అక్కడక్కడా చూస్తున్నాం. అడుగున 200 మిల్లీలీటర్ల పొర ఉంటే 200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపారనే అనుకుంటాం. లెక్క అది కాదు. లీటరు పెట్రోలులో కొద్ది నీళ్లు పడితే, అవి తమతో పాటు లోపలి ఇథనాల్‌ను కూడా కిందకు లాక్కెళతాయి. కాబట్టి అడుగు పొర పడిన నీళ్ల కంటే చాలా ఎక్కువగా కనబడుతుంది. ఆ నీళ్లు మన సీసా తడి వల్ల వచ్చినవీ కావచ్చు.

అలాగని బంకులో ఎప్పుడూ తప్పు జరగదని కాదు. భూమిలోని ట్యాంకులోకి వాననీరు దిగితే అక్కడా ఇదే జరుగుతుంది. పొడి డబ్బాలో అప్పుడే కొన్న పెట్రోలులోనే పొర కనబడితే బిల్లు, ఆ డబ్బా రెండూ పట్టుకుని వెంటనే బంకుకు వెళ్లి అడగండి. నెల తర్వాత వెళితే ఎవరి నీళ్లో ఎవరూ తేల్చలేరు.

జిగురు కథ

పెట్రోలు చెడిపోవడానికి నీళ్లే కారణం కాదు. ఇథనాల్ ఉన్నా లేకున్నా పెట్రోలుకు ఆయుష్షు తక్కువ. తేలికైన భాగం ఎండకు ఆవిరైపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంటుకోవడానికి కావలసింది ఆ తేలిక భాగమే. మిగిలినది గాలితో కలిసి మెల్లమెల్లగా జిగురుగా మారుతుంది. ట్యాంకులో లీటరు ఉంటే అది జిగురు కావడానికి సమయం పడుతుంది. కార్బురేటర్‌లో మిగిలే రెండు మూడు చెంచాల పెట్రోలు మాత్రం తొందరగా ఎండి, వార్నిషు పూసినట్టు పట్టుకుంటుంది. కార్బురేటర్ లోపల పెట్రోలు పోయే రంధ్రం సూది మొనంత సన్నం. అది మూసుకుపోతే తాడు ఎంత లాగినా లాభం లేదు.

మన దగ్గర యాసంగి మందులు మార్చితో ముగుస్తాయి. మళ్లీ పంపు తీసేది జూలైలో. మధ్యలో 40 డిగ్రీలు దాటే ఎండలు. రేకుల షెడ్డు కింద ఉన్న పంపు పరిస్థితి ఆలోచించండి. చిన్న ఇంజన్ల తయారీదారులు చాలామంది నెల రోజులకు మించి వాడకపోతే పెట్రోలు తీసేయమని తమ పుస్తకాల్లో రాస్తున్నారు. నెల అనే హద్దును గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇథనాల్ వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. పాత యంత్రాల్లోని కొన్ని రకాల రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్ తగిలి ఉబ్బుతాయి, లేదా పెళుసెక్కి చిట్లుతాయి. ఇత్తడి, అల్యూమినియం భాగాలకు తడి ఇథనాల్ వల్ల తుప్పు లాంటి తెల్లని పొర పడుతుంది. పాత ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని ఇథనాల్ కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. 20 శాతం మిశ్రమానికి తట్టుకునే పైపులు, వాషర్లతో బండ్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. చిన్న వ్యవసాయ యంత్రాల్లో చాలా వాటి పుస్తకాల్లో 10 శాతం మించిన ఇథనాల్ వద్దని రాసి ఉంటుంది. మీ యంత్రం పుస్తకం ఉంటే ఒకసారి చూడండి. కొత్తది కొనేటప్పుడు '20 శాతం పెట్రోలుకు పనికొస్తుందా?' అని దుకాణదారును అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

పడవల వాళ్లు ఏం చేస్తారు?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలాంటి చలి దేశాల్లో చెరువులు గడ్డకట్టే ముందు మోటారు పడవలను ఒడ్డుకు లాగి ఐదారు నెలలు పక్కన పెడతారు. అక్కడి పెట్రోలులోనూ ఎక్కువగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. 15 శాతం కలిపిన పెట్రోలును పడవల్లో, గడ్డి కోసే మిషన్లలో పోయకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధమే పెట్టింది. మన తూర్పు తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. పెట్రోలు మోటారున్న పడవ ఏదైనా అన్ని రోజులు ఒడ్డున ఉంటే ఇదే బాధ.

పెద్ద పడవ ట్యాంకు వందల లీటర్లు పడుతుంది. అంత పెట్రోలు తోడి పోయడం కష్టం, ప్రమాదం కూడా. అందుకే వాళ్లు ట్యాంకును దాదాపు నింపేసి, ఉబ్బడానికి కొంచెం జాగా వదిలి, పెట్రోలు చెడకుండా ఉండే మందు కలిపి పెడతారు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ, చెమ్మ తక్కువ. చేతితో ఎత్తగలిగే చిన్న ట్యాంకులైతే పూర్తిగా ఖాళీ చేస్తారు. ఎటు తిరిగీ సగం ట్యాంకుతో మాత్రం వదిలిపెట్టరు.

మన పంపు ట్యాంకు లీటరే. కాబట్టి మనకు సులువైన దారి ఖాళీ చేయడమే. మందు కొనక్కరలేదు. అలాంటి మందు ఎక్కడైనా అమ్మినా, అది మంచి పెట్రోలును కొంతకాలం కాపాడుతుందే తప్ప విడిపోయిన పెట్రోలును తిరిగి కలపలేదు.

దాచే ముందు చేయాల్సిన పని

పంపు ఇక నెల రోజులకు మించి అవసరం లేదనుకున్న రోజే ఈ పని చేయండి. రేపు చూద్దాం అంటే మరచిపోతాం.

మొదట మందు ట్యాంకులో మంచినీళ్లు పోసి రెండు మూడు సార్లు నడిపి, గొట్టం, నాజిల్ కడగండి. ఈ కడిగిన నీళ్లను బావిలోకి, కాలువలోకి పోనివ్వకండి. ఇంజను మీద నీళ్లు కొట్టవద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంజను పూర్తిగా చల్లారే దాకా ఆగండి.

తర్వాత ఆరుబయట, పొయ్యికి, బీడీకి, దీపానికి దూరంగా పంపును వంచి పెట్రోలును పొడిగా ఉన్న గాజు సీసాలోకి పోయండి. నోటితో పైపు పెట్టి పీల్చవద్దు. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. సీసాను పావుగంట కదపకుండా ఉంచి వెలుతురుకు చూడండి. ఒకే రంగులో తేటగా ఉంటే పెట్రోలు బాగుంది. మసకగా ఉన్నా, అడుగున గీత కనబడినా చెడిపోయిందని అర్థం.

ట్యాంకు ఖాళీ అయ్యాక తాడు లాగి ఇంజనును స్టార్టు చేసి, దానంతట అదే ఆగిపోయే వరకు తక్కువ వేగంలో నడవనివ్వండి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఇలా ఖర్చయిపోతుంది. ఇదే ముఖ్యమైన మెట్టు. ట్యాంకు ఖాళీ చేసి, ఇది చేయకపోతే సగం పనే చేసినట్టు. కార్బురేటర్ పక్కన మెత్తని రబ్బరు బుడ్డి ఉంటే దాన్ని నాలుగైదు సార్లు నొక్కి, ఇంకోసారి తాడు లాగండి. ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అదీ పోతుంది.

ఇప్పుడు ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒక చిన్న చెంచా టూ-టి ఆయిలు పోయండి. ప్లగ్గు రంధ్రం మీద గుడ్డ ఉంచి, తాడు రెండు మూడు సార్లు మెల్లగా లాగండి. ఆయిలు సిలిండరు గోడలకు పట్టి తుప్పు రాకుండా కాపాడుతుంది. ప్లగ్గు తుడిచి తిరిగి బిగించండి. గాలి ఫిల్టరు విప్పి దుమ్ము దులిపి పెట్టండి. ట్యాంకు మూత గట్టిగా బిగించండి.

చివరగా పంపును గోనెసంచితో కప్పి, నేలకు ఎత్తుగా, పొడి జాగాలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో మూట కడితే లోపల చెమ్మ నిలుస్తుంది. యూరియా, పొటాష్ బస్తాల పక్కన పెట్టవద్దు. ఎరువు చెమ్మను లాగి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఎలుకలు రబ్బరు పైపులు కొరుకుతాయి కాబట్టి వీలైతే దూలానికి వేలాడదీయండి.

ఫోర్ స్ట్రోకు యంత్రాలు, మోటారు సైకిళ్లు

పవర్ వీడర్లు, పెట్రోలు పంపుసెట్లలో ఫోర్ స్ట్రోకు ఇంజన్లు ఎక్కువ. వీటికి పెట్రోలు ట్యాంకు కింద ఒక కట్టు ఉంటుంది. దాన్ని మూసి ఇంజను ఆగిపోయే వరకు నడపండి. కార్బురేటర్ గిన్నె అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. అది వదులు చేసి మిగిలిన పెట్రోలు దించి మళ్లీ బిగించండి. ట్యాంకు కూడా ఖాళీ చేయండి. పాత ఇంజను ఆయిలు మార్చి కొత్తది పోసి దాచితే ఇంకా మంచిది.

రోజూ తిరిగే మోటారు సైకిలుకు ఈ భయం లేదు. పెట్రోలు నిలవ ఉండే తీరికే ఉండదు. కొడుకు గల్ఫ్‌కు పోతే నెలల తరబడి ఇంటి ముందు నిలబడే బండి సంగతి వేరు. బండి ట్యాంకు ఇనుముది. ఖాళీగా ఉంచితే లోపల తుప్పు పడుతుంది. అందుకని పడవల వాళ్ల పద్ధతే దానికి సరి. ట్యాంకును దాదాపు నింపి, నీడలో పెట్టి, పది పదిహేను రోజులకోసారి స్టార్టు చేసి నాలుగు కిలోమీటర్లు తిప్పండి. కేవలం స్టార్టు చేసి రెండు నిమిషాల్లో ఆపితే లాభం లేదు. ఇంజను బాగా వేడెక్కాలి.

డీజిలు ఇంజన్లు, ట్రాక్టర్లకు ఈ గొడవ లేదు. బంకుల్లో మనకు దొరికే డీజిలులో ఇథనాల్ కలపడం లేదు.

మిగిలిన పెట్రోలును ఏం చేయాలి?

లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలును పారబోయాలంటే మనసొప్పదు. అందుకే ముందే తక్కువ కలుపుకోవాలి. ఆ రోజుకు రెండు ట్యాంకులు సరిపోతే రెండే కలపండి. ఆయిలు కొలత తప్పవద్దు. కంపెనీ 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అంటే 20 మిల్లీలీటర్లు. అంచనాతో పోయకుండా మందు కొలిచే లాంటి చిన్న గ్లాసు ఒకటి ఆయిలుకే వేరుగా పెట్టుకోండి. తేటగా ఉన్న మిశ్రమం మిగిలితే ఆ వారంలో మందు కొట్టే పక్క రైతుకు ఇవ్వండి. ఆయిలు కలిపిన పెట్రోలును ఫోర్ స్ట్రోకు మోటారు సైకిలులో పోయవద్దు.

విడిపోయిన పెట్రోలును ఏ ఇంజనులోనూ పోయవద్దు. కాలువలో, బావి దగ్గర, పెంట కుప్ప మీద పారబోయవద్దు. పొయ్యి రాజేయడానికి అసలే వాడవద్దు. భగ్గున లేచి మనిషిని చుట్టేస్తుంది. మూత పెట్టి భద్రంగా మెకానిక్కుకు అప్పగించండి.

పెట్రోలును నీళ్ల సీసాలో, కూల్ డ్రింకు సీసాలో ఇంట్లో దాచే అలవాటు మానుకోవాలి. పిల్లలు నీళ్లనుకుని తాగిన సంగతులు ఊరూరా వింటూనే ఉంటాం. ఒకవేళ అలా జరిగితే వాంతి చేయించవద్దు. కక్కేటప్పుడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. పెట్రోలుకు గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా ఒకటి వేరుగా పెట్టుకోండి. దాని మీద పెద్ద అక్షరాలతో పెట్రోలు అని, కొన్న తేదీ రాయండి. విత్తనాలు, ధాన్యం, వంటింటికి దూరంగా ఉంచండి.

మళ్లీ తీసేటప్పుడు

జూలైలో మందు కొట్టాల్సిన రోజున కాదు, మృగశిర కార్తెలో దుక్కులు సాగుతున్నప్పుడే ఒకసారి పంపును బయటకు తీయండి. పైపులు వంచి చూడండి. పగుళ్లు ఉంటే, వేలికి జిగటగా తగిలితే మార్చేయండి. పైపు ధర తక్కువే. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే వీపు మీదే మంట అంటుకుంటుంది. ప్లగ్గు తుడవండి. ట్యాంకులోని చిన్న ఫిల్టరు నల్లగా, మడ్డిగా ఉంటే మార్చండి.

కొత్తగా కొన్న పెట్రోలులో కొలత ప్రకారం ఆయిలు కలిపి అర ట్యాంకు పోయండి. దాచేటప్పుడు పోసిన ఆయిలు వల్ల మొదట కొంచెం తెల్ల పొగ వస్తుంది, కంగారు పడనక్కరలేదు. ఐదు నిమిషాలు నడిపి, నీళ్లతోనే ఒకసారి పిచికారీ చేసి చూడండి. తేడా ఉంటే అప్పుడే మెకానిక్కుకు చూపించండి. అప్పటికి అతని దగ్గర వరుస ఉండదు, మీకు తొందరా ఉండదు.

గుర్తుంచుకోండి

నెలకు మించి వాడకపోతే ట్యాంకు ఖాళీ చేయాలి. ఖాళీ చేశాక ఇంజను దానంతట అదే ఆగే వరకు నడపాలి. పెట్రోలు డబ్బా, గరాటు ఎప్పుడూ పొడిగా ఉండాలి. అడుగున గీత కనబడిన పెట్రోలు ఇంజనుకు విషం. రోజుకు కావలసినంతే కలుపుకోవాలి.

పని చేసే ఎద్దుకు సీజను ముగిశాక తౌడు పెట్టి, గిట్టలు చూసి, నీడలో కట్టేసే అలవాటు మన పెద్దలది. అది మూగజీవి కనుక మనమే దాని బాగోగులు చూసుకునేవాళ్లం. ఎద్దు పోయి ఇంజను వచ్చింది. ఇదీ మూగదే. మార్చిలో దానికి అరగంట కేటాయిస్తే, జూలైలో పురుగు కనబడిన పొద్దున ఒక్క లాగుకే పలుకుతుంది. పంటను కాపాడేది ఆ పొద్దే.